ప్లేనో ఆర్బర్ హిల్స్‌లో కొత్తగా జాగింగ్: దారి తేలికే, గడియారం చూసుకోండి

ప్రశ్న: టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ప్లేనోకి, ఊరి పడమటి వైపుకి ఈమధ్యే మారాం. వయసు 36. గంటసేపు నడవగలను కానీ కాలేజీ తర్వాత పరిగెత్తింది లేదు. ఆర్బర్ హిల్స్ నేచర్ ప్రిజర్వ్‌లో జాగింగ్ కొత్తవాళ్ళకి తేలిక అంటున్నారు, నిజమేనా? పాములుంటాయా? ఎండాకాలం ఎన్నింటికి వెళ్ళాలి? ఏప్రిల్‌లో అమ్మానాన్నలు నంద్యాల నుంచి వస్తున్నారు, వాళ్ళని కూడా తీసుకెళ్ళొచ్చా? వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న "ఇదేం పార్కురా, బీడు పడిన చేనులా ఉంది" అన్నారు.

సమాధానం:

తేలికే. పార్కు మొత్తం సుమారు 200 ఎకరాలు. అందులో కాంక్రీటు దారి దాదాపు 3 మైళ్ళు, అంటే అయిదు కిలోమీటర్లకి కాస్త తక్కువ. దారి వెడల్పుగా ఉంటుంది, గుంతలుండవు, దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. పేరులో హిల్స్ ఉన్నా అవి టెక్సస్ లెక్కలో కొండలు. మనకైతే ఎత్తుపల్లాలు, అంతే. వాచ్ టవర్ వైపు వెళ్ళేటప్పుడు కాస్త ఎక్కుడు ఉంటుంది, అక్కడ నడవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అయితే తేలిక అని మీకు చెప్పినవాళ్ళు ఏ నవంబరు ఉదయమో వెళ్ళి ఉంటారు. అదే దారి జూలైలో పది గంటలకి వెళ్తే మీరు కారు దాకా రావడానికే తంటాలు పడతారు. ఇక్కడ ఇబ్బంది పెట్టేది దూరం కాదు, నీడ లేకపోవడం. పార్కులో వాగు పక్క అడవి ఉంది, మెట్ట మీద చెట్లున్న భాగం ఉంది, మిగతాది ప్రేరీ, అంటే గడ్డి మైదానం. గడ్డి మైదానంలో చెట్టుండదు, ఉండకూడదు కూడా. కాబట్టి మీరడిగిన వాటిలో ముఖ్యమైన ప్రశ్న టైము గురించే. దానికే ఎక్కువ రాస్తాను.

జూన్ నెలాఖరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకి కాస్త ముందు. రోజు మొత్తంలో చల్లగా ఉండేది ఆ గంటే. జూలై, ఆగస్టుల్లో అప్పుడు కూడా 77, 78 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మధ్యాహ్నానికి వంద దాటడం మామూలే. 2011లో డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌లో వంద దాటిన రోజులు 71. చాలామంది ఆఫీసయ్యాక సాయంత్రం వెళ్దామనుకుంటారు. జూలైలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో. ఏడింటికి కూడా తొంభైకి పైనే ఉంటుంది, పైగా పొద్దుటి నుంచి కాలిన కాంక్రీటు కింద నుంచి సెగ కొడుతుంటుంది. వేసవిలో సాయంత్రం పరుగు నేనైతే ఎవరికీ చెప్పను. తెల్లవారగానే మొదలుపెట్టి ఏడున్నరకల్లా కారెక్కేయండి. లేవలేకపోతే ఆ రోజుకి ట్రెడ్‌మిలే మేలు, అందులో తప్పేం లేదు.

ఉదయం చల్లగా ఉంటుంది గానీ గల్ఫ్ వైపు నుంచి వచ్చే తేమ ఎక్కువ. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు తేమ శాతం వదిలేసి డ్యూ పాయింట్ అన్న అంకె చూడండి. అది 60 లోపు ఉంటే హాయి. 70 దాటితే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి రోజు వేగం తగ్గించుకోవాలి. 75 దాటితే నేను నడకతో సరిపెట్టుకుంటాను.

మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "రాయలసీమ ఎండలో పుట్టి పెరిగాం, ఈ ఎండ ఒక లెక్కా!" లెక్కే. ఎండని తట్టుకునే అలవాటు శరీరానికి రావడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. అలవాటు తప్పితే కొన్ని వారాల్లోనే పోతుంది కూడా. ఏసీ ఇల్లు, ఏసీ కారు, ఏసీ ఆఫీసు మధ్య బతికేవాళ్ళకి చిన్నప్పటి నంద్యాల ఎండ ఏమీ సాయం చెయ్యదు. మే నెలలో వేడి మొదలవగానే రెండు వారాల పాటు దూరం సగానికి తగ్గించి, నెమ్మదిగా పెంచుకోండి. పరుగులో తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, అంత వేడిలోనూ చలి పుట్టినట్టు అనిపించినా అక్కడే ఆగి నీడకి చేరాలి. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ. వెంటనే 911కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఉండాలి.

గాలి సంగతి కూడా చెప్పాలి. బయలు కాబట్టి ఇక్కడ గాలికి అడ్డం ఉండదు. ఎండాకాలం ఎక్కువగా దక్షిణం నుంచి వీస్తుంది. వెనక నుంచి గాలి వస్తే పరుగు సులువని అనుకుంటాం. వేసవిలో అది మోసం: గాలి మీతో పాటే కదులుతుంది కాబట్టి ఒంటికి తగలదు, ఉక్కపోస్తుంది. అందుకని వేసవిలో ఎదురుగాలి చివరికి ఉంచుకోండి, అలసిన టైముకి ముఖానికి చల్లగా తగులుతుంది. చలికాలం దీనికి తలకిందులు. ఉత్తరం నుంచి శీతగాలి దిగిన రోజు ముందే ఎదురు వెళ్ళి, చెమట పట్టాక గాలి వెనక నుంచి వచ్చేలా తిరిగి రావాలి. లేకపోతే తడిసిన చొక్కా మీద ఆ గాలి కోసేస్తుంది. ఎండ విషయంలోనూ ఇంతే. పొద్దెక్కకముందు బయలు భాగం ముగించి, చెట్ల భాగం చివర్లో వచ్చేలా చూసుకోండి. ఏ వైపు నుంచి తిరిగితే అలా కుదురుతుందో ఒకసారి మ్యాప్ చూస్తే తెలిసిపోతుంది.

ఇక పరుగు. గంట నడవగలిగే మనిషికి ఊపిరీ గుండే పర్వాలేదన్నమాట. మోకాళ్ళు, పిక్కలు, మడమలే ఇంకా తయారుగా ఉండవు. కాంక్రీటు గట్టి నేల, దాని దెబ్బ మొదట తెలిసేది మోకాలి కింద ముందువైపు ఎముకకే. కాబట్టి ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఇలా ఇరవై, పాతిక నిమిషాలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. రెండు వారాలు నొప్పి లేకుండా గడిస్తే జాగింగ్ రెండు నిమిషాలు చేయండి. వేగం ఎంతుండాలంటే, పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. మైలుకి పధ్నాలుగు నిమిషాలు పట్టినా సరే. వాచీ చూసి టెన్షన్ పడకండి, ఆ వాచీలో వచ్చే అంకె స్నేహితుల గ్రూపులో పెట్టడం అసలే వద్దు. అక్కడ ఎవరో ఒకరు మీకన్నా వేగంగా ఉంటారు, మర్నాడు మీరు దాన్ని దాటబోయి పిక్క పట్టేయించుకుంటారు. షుగర్, బీపీ ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్ళున్నా మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని ఒకసారి కలవండి. మన దక్షిణాసియా వాళ్ళకి గుండె జబ్బు మిగతావాళ్ళకన్నా కాస్త ముందే వస్తుంది, 36 చిన్న వయసేం కాదు.

మామూలు రోడ్ రన్నింగ్ షూ చాలు, ట్రెయిల్ షూ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. మూడొందల నుంచి అయిదొందల మైళ్ళ మధ్య మార్చేయండి. కాంక్రీటు గట్టిగా ఉందని పక్కన గడ్డిలోకి దిగి పరిగెత్తడం మాత్రం మానుకోండి. ఎత్తు గడ్డిలో వేసవంతా చిగ్గర్లనే చిన్న పురుగులుంటాయి. కంటికి ఆనవు, కుట్టినట్టే తెలియదు, రాత్రి ఇంటికొచ్చాక సాక్సు అంచు చుట్టూ, నడుము చుట్టూ దద్దుర్లు లేచి వారం పాటు గోకిస్తాయి. వాన వెలిసాక నిప్పుచీమల పుట్టలు లేస్తాయి. చెట్ల భాగంలో పాయిజన్ ఐవీ ఉంటుంది, మూడేసి ఆకుల గుత్తి, ముట్టుకుంటే బొబ్బలే. కాంక్రీటు మీద ఉన్నంతసేపు వీటిలో ఏదీ మీ జోలికి రాదు.

పాములు ఉంటాయి. కనిపించేవాటిలో ఎక్కువ విషం లేనివే. భయపడాల్సింది ప్రధానంగా కాపర్‌హెడ్‌కి. గోధుమ రంగు ఒంటి మీద ముదురు పట్టీలతో ఎండుటాకుల్లో కలిసిపోతుంది. వేసవిలో చీకటి పడ్డాక ఎక్కువ తిరుగుతుంది. తెల్లవారుజామున చీకట్లోనే పరుగు మొదలుపెట్టేవాళ్ళు టార్చి పెట్టుకునేది అందుకే. దారికడ్డంగా కనిపిస్తే ఆగి, వెళ్ళేదాకా ఎదురుచూడండి. కాపర్‌హెడ్ కాటుతో చనిపోవడం చాలా అరుదు, కానీ ఆస్పత్రికి వెళ్ళి తీరాలి. మన ఊళ్ళలో చేసినట్టు తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు, ఐసు కూడా పెట్టకూడదు. 911కి చేయండి. సలహా కోసం పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. నక్కల్లాంటి కొయోట్‌లు, అడవిపిల్లుల్లాంటి బాబ్‌క్యాట్‌లు ప్లేనోలో కనిపిస్తూనే ఉంటాయి, అవి మనుషుల్ని తప్పించుకునే తిరుగుతాయి. ఎదురుపడితే వెనక్కి తిరిగి పరిగెత్తకుండా, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి. చిన్న కుక్క ఉంటే చేతుల్లోకి తీసుకోండి.

నాకు పాముల కన్నా పిడుగులంటే భయం. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు చెప్పాపెట్టకుండా వస్తాయి. బయల్లో మీ చుట్టూ ఉన్నవాటన్నిటికన్నా ఎత్తైనది మీరే. ఉరుము వినబడిందంటే పరుగు ఆపి కారులోకి వెళ్ళిపోవాలి. చెట్టు కింద, టవర్ మీద, గోడల్లేని పెవిలియన్‌లో ఆగడం కాపాడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాకే మళ్ళీ బయటికి రండి.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. బీడు అనడంలో ఆయన తప్పేమీ లేదు, జనవరిలో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఒకప్పుడు ఈ నేలంతా ఎలా ఉండేదో చెప్పే ఆనవాలు అది. ఉత్తరాన రెడ్ నది నుంచి దక్షిణాన శాన్ ఆంటోనియో దాకా దాదాపు కోటీ ఇరవై లక్షల ఎకరాల్లో బ్లాక్‌లాండ్ ప్రేరీ ఉండేది. ఇప్పుడు అందులో దున్నకుండా మిగిలింది ఒక్క శాతం కూడా లేదు. బిగ్ బ్లూస్టెమ్, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, స్విచ్ గ్రాస్ అని నాలుగు గడ్డి జాతులు ముఖ్యమైనవి. కొన్ని మనిషి కన్నా ఎత్తు పెరుగుతాయి, వేళ్ళు పది అడుగులకి మించి లోతుకి పోతాయి. అందుకే పైన నిప్పంటుకున్నా, అడవిదున్నలు మేసేసినా, కరువొచ్చినా మళ్ళీ చిగురిస్తాయి. నిజానికి ఆ నిప్పే ప్రేరీని కాపాడేది. నిప్పు లేకపోతే జూనిపర్, మెస్కీట్ లాంటి చెట్లు ముసిరేస్తాయి. ఊరి నడుమ మంట పెట్టడం అంత తేలిక కాదు కాబట్టి చాలాచోట్ల దాని బదులు కోతతో సరిపెడతారు.

ఇంత నేల ఎలా పోయిందంటే, మీ నాన్నగారు ఒక్క క్షణంలో పట్టేస్తారు. ఆయన్ని దారి పక్కన ఎక్కడైనా మట్టి కనబడే చోట ఆపండి. అది నల్లరేగడి. నిజంగానే అదే జాతి నేల. శాస్త్రవేత్తలు మన నంద్యాల, గుంటూరు నల్లరేగళ్ళనీ ఈ టెక్సస్ నల్లమట్టినీ వర్టిసాల్స్ అనే ఒకే తరగతిలో పెడతారు. ఎండాకాలం నెర్రెలిచ్చి చెయ్యి దూరేంత పగుళ్ళు పడుతుంది, వానకి ఉబ్బి అవన్నీ మూసుకుపోతాయి. అలాంటి నేల చూసిన రైతు ఏం వేస్తాడు? 1872లో ప్లేనోకి రైలు వచ్చాక ఇక్కడివాళ్ళూ అదే వేశారు, పత్తి. గడ్డి మొత్తం నాగలి కిందకి పోయింది. తర్వాత చేలు పోయి ఇళ్ళు వచ్చాయి. ఈ మట్టి ఉబ్బడం, కుంగడం వల్లే డల్లాస్ చుట్టుపక్కల ఇళ్ళకి పునాది గొడవలు. మీరు ఇల్లు కొన్నాక ఎండాకాలం పునాది చుట్టూ గొట్టం పెట్టి నీళ్ళు పట్టాల్సి వస్తుంది, అప్పుడు కూడా మీ నాన్నగారు నవ్వుతారు.

జాగింగ్‌కి దీంతో పనేమిటంటే, కాంక్రీటుతో పాటు ఇక్కడ మట్టి దారులు కూడా ఉన్నాయి, ముఖ్యంగా మౌంటెన్ బైకుల కోసం వేసినవి. పొడిగా ఉన్నప్పుడు కాళ్ళకి మెత్తగా హాయిగా ఉంటాయి. వాన పడ్డాక రెండు మూడు రోజులు అటు వెళ్ళకండి. పది అడుగులు వేసేసరికి బూటు కింద మరో బూటు తయారవుతుంది. అంతకన్నా ముఖ్యం, తడి మీద పడిన అడుగులు ఎండాక రాయిలా గట్టిపడి దారంతా గుంతలవుతుంది, తర్వాత వచ్చినవాళ్ళ చీలమండలు మడతపడతాయి. అందుకే తడిగా ఉన్నప్పుడు బైకు దారి మూసేస్తారు. మూసి ఉందన్న బోర్డు మనకి కూడా వర్తిస్తుంది.

అమ్మానాన్నలకి ఏప్రిల్ మంచి నెల. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఈ చుట్టుపక్కల బ్లూబానెట్లనే నీలం పూలు పూస్తాయి, ఆ తర్వాత ఇండియన్ బ్లాంకెట్, ప్రిమ్‌రోజ్ పూలు వస్తాయి. పొద్దున అరవై డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి వాళ్ళకి పల్చటి స్వెటర్ ఒకటి ఇవ్వండి. మీరు మీ పరుగు పూర్తి చేసేలోపు వాళ్ళు మొదటి ఎక్కుడు దాకా నడిచి తిరిగి రావచ్చు. మోకాళ్ళ నొప్పులుంటే టవర్ వైపు వద్దు. టాయిలెట్లు పార్కింగ్ దగ్గరే ఉన్నాయి, లోపల దారిలో నీళ్ళు దొరకవనే అనుకుని సీసా చేతికివ్వండి. పిల్లలకి పట్టులంగాలు కట్టి పూల మధ్య కూర్చోబెట్టి ఫొటోలు తీయడం ఇక్కడ మనవాళ్ళందరికీ అలవాటే. తీసుకోండి, కానీ పూలు తొక్కకుండా అంచున కూర్చోబెట్టండి, నిప్పుచీమల పుట్ట ఉందేమో ముందు చూడండి.

పెద్దవాళ్ళకి ముందే చెప్పాల్సింది ఒకటి: దారికి కుడి పక్కనే నడవాలి. వెనక నుంచి సైకిలు వాళ్ళు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తారు. మీ ఎడమ నుంచి దాటుతున్నాం, కదలకండి అని దాని అర్థం. మనం కంగారులో సరిగ్గా ఎడమకే జరుగుతాం. నలుగురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడవడం కూడా వారాంతాల్లో గొడవ తెస్తుంది.

పుప్పొడి గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్కది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నైరుతి నుంచి కొట్టుకొచ్చే మౌంటెన్ సీడర్ చెట్లది. వచ్చిన మొదటి ఏడాది ఏమీ కాలేదని ధీమాగా ఉండకండి, శరీరానికి అది పడకుండా పోవడానికి రెండు మూడు సీజన్లు పట్టవచ్చు. ముక్కు కారుతూ కళ్ళు దురదపెట్టే పరుగులు మొదలైతే అలర్జీ డాక్టర్‌ని కలవండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలా తేడా ఉంటుంది.

చివరగా, మొదటి నెల రెండు నెలలకి నన్నడిగితే ఓక్ పాయింట్ పార్కు ఇంకా నయం. ప్లేనోలో అన్నిటికన్నా పెద్దది, 800 ఎకరాలు, తూర్పు వైపు రౌలెట్ క్రీక్ పక్కన. కాంక్రీటు దారి మూడున్నర మైళ్ళు, మట్టి దారులు మరో అయిదు. నేల చదునుగా ఉంటుంది, జనం తక్కువ. మీకు అది దూరం కాబట్టి శని, ఆదివారాలు అటు వెళ్ళండి, ఎందుకంటే ఆ రెండు రోజులూ ఆర్బర్ హిల్స్‌లో కాస్త ఆలస్యమైనా పార్కింగ్ దొరకదు. మామూలు రోజుల్లో ఆఫీసుకి ముందు ఆర్బర్ హిల్స్. పెద్ద వాన పడిన మర్నాడు మాత్రం శనివారమైనా ఓక్ పాయింట్ వద్దు. వాగు పొంగితే పల్లపు దారుల మీదకి నీళ్ళొస్తాయి, తీశాక కూడా కాంక్రీటు మీద జారే ఒండ్రు మిగులుతుంది. ఆ రోజు పెందలాడే లేచి ఆర్బర్ హిల్స్ కాంక్రీటు మీదే తిరిగి రండి.